మత్తు సరుకు అమ్మకం అంతా ఆన్‌లైన్‌కి పోతే వీధిలో నేరాలు తగ్గుతాయంట, నిజమేనా?

కాలవగట్టు_కుర్రోడు:

అందరికీ నమస్కారం అండి. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. ప్రశ్న కొంచెం తిక్కగా ఉంటది, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల రాత్రి రెండింటికి మా రొయ్యల చెరువు దగ్గర కేబుల్ కోసుకుపోయారు. కాపలా మనిషి అటు చివర చెరువు కాడ ఉన్నాడు, ఏరియేటర్లు ఆగిపోయిన సంగతి ఆయనకి తెలిసేసరికి నాలుగయ్యింది. నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి గట్టు పొడుగునా రొయ్య తేలిపోయి ఉంది. ఆ రాగి తీసుకెళ్ళి పాత సామాన్ల కొట్లో వేస్తే వాడికి రెండు మూడు వేలు వస్తాయేమో, మాకు పోయింది పంట. అవతలి గట్టు మీద చూస్తే వైరు తొడుగు కాల్చిన మసి, పక్కనే చిన్న పోగు సిగరెట్ పొగాకు. అంటే సిగరెట్ ఖాళీ చేసి అందులో గంజాయి దట్టించుకుని, తాపీగా కూర్చుని రాగి తీసుకున్నారన్నమాట. ఊళ్ళో అందరికీ తెలుసు గంజాయి బ్యాచ్ పనే అని, ఎవరో కూడా సగం తెలుసు.

ఇప్పుడు అసలు విషయం. మా బావ బెంగుళూరులో సాఫ్ట్‌వేర్, మొన్న పెళ్ళికి వచ్చినప్పుడు ఈ గొడవంతా చెప్తే ఆయన అన్నాడు, ఒరేయ్ ఇదంతా సరుకు వీధిలో అమ్మడం వల్ల వచ్చిన తిప్పలు, బయట దేశాల్లో డార్క్‌నెట్, అంటే మామూలు బ్రౌజర్‌కి దొరకని గుట్టు సైట్లు, వచ్చాక కొనేవాడికీ అమ్మేవాడికీ మొహం మొహం చూసుకునే పని లేదు, పార్సిల్ ఇంటికొచ్చేస్తది, అందుకని గ్యాంగులు కొట్టుకోవడం తగ్గింది, దాని మీద పరిశోధనలు కూడా ఉన్నాయి అని. వినడానికి బానే ఉంది గానీ నాకు ఎక్కడో లంకె తెగినట్టు ఉంది. ఆన్‌లైన్లో కొంటే మా కేబుల్ కొయ్యడం మానేస్తాడా వాడు? తెలిసినోళ్ళు చెప్పండి.

---

అమలాపురం_టు_హైదరాబాద్:

తమ్ముడూ, నేను సెక్యూరిటీ సైడ్ పని చేస్తాను కాబట్టి ఈ మార్కెట్ల గురించి చదవడం ఉద్యోగంలో భాగం. మీ బావ గాలి మాట ఏం చెప్పలేదు, కానీ సగమే చెప్పాడు.

మొదటి పెద్ద సైటు సిల్క్ రోడ్, 2011లో మొదలైంది, ఎవరు ఎక్కడున్నారో దాచిపెట్టే టోర్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది, చెల్లింపులు బిట్‌కాయిన్లో. నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్‌ని 2013 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పబ్లిక్ లైబ్రరీలో లాప్‌టాప్ తెరిచి ఉండగా పట్టుకున్నారు, 2015లో యావజ్జీవం వేశారు, 2025 జనవరిలో ట్రంప్ క్షమాభిక్ష ఇచ్చేశాడు, అది వేరే కథ. ఆ సైటులో కొత్త ఏంటంటే సరుకు కాదు, నమ్మకం. కొన్నవాడి డబ్బు సరుకు చేరేదాకా సైటు దగ్గరే ఆగుతుంది, చేరాక అమ్మినవాడికి పోతుంది, అమ్మినవాడికి మనం బిర్యానీకి ఇచ్చినట్టే స్టార్లు ఇస్తారు. వీధిలో అయితే వాడు మోసం చేస్తే నువ్వేం చేస్తావ్, కేసు పెట్టలేవు కదా, కత్తి తియ్యాలి. ఇక్కడ కత్తి బదులు ఒక స్టార్ తగ్గించి ఊరుకుంటావు.

దీని మీద 2014లో జూడిత్ ఆల్డ్రిడ్జ్, డేవిడ్ డెకారీ-హెటు అని ఇద్దరు పరిశోధకులు సిల్క్ రోడ్ మీద పేపర్ రాశారు, అమ్మకందార్లు ఒకరికొకరు కనపడరు కాబట్టి ఏరియా కోసం కొట్టుకునే అవసరం తగ్గుతుంది అని వాళ్ళ వాదన. 2016లో గ్లోబల్ డ్రగ్ సర్వే డేటా తీసుకుని మోనికా బారట్ వాళ్ళు రాసినదాంట్లో కూడా, వీధిలో కొన్నప్పటి కంటే ఇక్కడ బెదిరింపులు, దెబ్బలు తక్కువ అని కొన్నవాళ్ళే చెప్పారు. మీ బావ చదివింది ఇవే అయ్యుంటాయి.

ఇంకో సరదా కూడా. 2015లో ఎవల్యూషన్ అనే సైటు వాళ్ళు అందరి డబ్బూ, సుమారు 12 మిలియన్ డాలర్ల బిట్‌కాయిన్, మూట కట్టుకుని మాయమైపోయారు. అదే డబ్బు వీధి గ్యాంగు లీడర్ ఎత్తుకుపోతే ఎన్ని శవాలు లేచేవో ఆలోచించు. ఇక్కడ వేల మంది తిట్టుకుంటూ పోస్టులు పెట్టి పక్క సైటుకి పోయారు. ఎవడిని కొట్టాలో తెలిస్తే కదా కొట్టేది.

---

పందెంకోడి:

అయితే సంక్రాంతికి బరులు కూడా ఆన్‌లైన్ పెట్టేద్దాం అండి ఆయ్, గుండాట కాడ తలకాయలు పగలడం తగ్గుద్ది 😂

---

హెచ్‌సి_రిటైర్డ్_రాజమండ్రి:

నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యాను, సర్వీసులో ఎక్కువ భాగం రాజమండ్రి, కాకినాడ చుట్టుపక్కలే. ఇంగ్లీషు పేపర్లు నాకు తెలీదు గానీ పై బాబు చెప్పిందీ కుర్రాడు అడిగిందీ రెండు వేరు వేరు సంగతులు, దాన్ని ఎవరూ విడదీయట్లేదు.

మత్తు వల్ల జరిగే నేరం నేను చూసినంతలో మూడు రకాలు. ఒకటి, మత్తులో వాడికి ఒళ్ళు తెలీక చేసేది, బండి ఆపి పలకరించిన పాపానికి బీరు సీసా పెట్టి పొడిచేస్తాడు. రెండోది, డబ్బుల కోసం చేసేది. మూడోది, అమ్మేవాళ్ళు వాళ్ళల్లో వాళ్ళు కొట్టుకునేది, నా ఏరియాలో నువ్వెవడివి, నా బాకీ ఎందుకు ఇవ్వలేదు అని. సినిమాల్లో చూపించేది మూడోదే. అమెరికాలో మూడోది చాలా పెద్దది, తుపాకులు ఉంటాయి కాబట్టి. మనకి గోదావరి జిల్లాల్లో మూడోది ఎంత ఉంది చెప్పండి? నా సర్వీసులో గంజాయి అమ్మే ఇద్దరు ఏరియా కోసం నరుక్కున్న కేసు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకంటే సరుకు మనకి దగ్గర, ఏవోబీ, అంటే ఆంధ్రా ఒడిశా సరిహద్దు, ఆ కొండ దిగితే నర్సీపట్నం, తుని, ఇటు నుంచి అయితే చింతూరు, రంపచోడవరం. దొరకనిదాని కోసం కొట్టుకుంటారు గానీ దొరికేదాని కోసం ఎందుకు.

మనకి ఉన్నదంతా రెండో రకం. రాజమండ్రిలో బ్లేడ్ బ్యాచ్ అంటే మీ అందరికీ తెలుసు. గెడ్డం గీసుకునే బ్లేడు సగం విరిచి రెండు వేళ్ళ సందున పెట్టుకుంటాడు, చెయ్యి మామూలుగా ఊపుకుంటూ వస్తున్నట్టే ఉంటుంది, దగ్గరికొచ్చాక అన్నా ఓ రెండొందలివ్వు అంటాడు. ఇవ్వకపోతే మిమ్మల్ని గీస్తాడు, లేదా తన చెయ్యే గీసుకుని నువ్వే గీశావని అరుస్తాడు. ఒకసారి స్టేషన్‌లో ఒకడి చెయ్యి చూశాను, మణికట్టు దగ్గర నుంచి మోచెయ్యి దాకా గీతలే, చాపలాగా అల్లుకుపోయి ఉన్నాయి, వయసు పంతొమ్మిది. వాడికి ఏ గ్యాంగూ లేదు, ఏ ఏరియా మీదా ఆశ లేదు, సాయంత్రానికి ప్యాకెట్ డబ్బులు కావాలి అంతే. ఆ ప్యాకెట్ కిళ్ళీ కొట్టు వెనక నుంచి వచ్చినా, ఆకాశంలోంచి పార్సిల్ వచ్చినా డబ్బులు డబ్బులే కదండీ. కుర్రాడి కేబుల్ కోసింది కూడా ఈ రెండో రకమే. దానికి డార్క్‌నెట్ ఏం చేస్తుంది?

---

అమలాపురం_టు_హైదరాబాద్:

మాస్టారూ, మీకు తెలీకుండానే మీరు గోల్డ్‌స్టీన్ చెప్పింది చెప్పేశారు. పాల్ గోల్డ్‌స్టీన్ అని అమెరికా ఆయన 1985లో సరిగ్గా ఈ మూడు రకాలుగానే విడదీశాడు, ఇప్పటికీ అందరూ అక్కడ నుంచే మొదలుపెడతారు. డార్క్‌నెట్ తగ్గిస్తుంది అనే వాదన అంతా మూడో రకం గురించే, ఒప్పుకుంటున్నాను.

నేను ఇందాక చెప్పని మాట ఇంకోటి ఉంది. ఆ 2014 పేపర్లోనే సిల్క్ రోడ్ రాబడిలో పెద్ద భాగం పెద్ద పెద్ద సైజు ఆర్డర్ల నుంచి వచ్చింది అని ఉంటుంది, అంటే ఆ పెద్ద ఆర్డర్లు పెట్టినవాళ్ళు సొంతానికి కాదు, మళ్ళీ అమ్ముకోడానికి కొన్నట్టు. మరి వాళ్ళు ఎక్కడ అమ్ముతారు, వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ వీధిలో. హోల్‌సేల్ నెట్‌లోకి ఎక్కింది, దాని చిల్లర కొట్టు మళ్ళీ కిందే. సర్వేలకి జవాబు చెప్పేవాళ్ళు కూడా లాప్‌టాప్, కార్డు, అడ్రసు, ఖాళీ టైము ఉన్నవాళ్ళు. వాళ్ళు ముందు నుంచీ చీకటి సందుల్లో దెబ్బలు తినే రకం కాదు.

ఇంకా అనుమానంగా ఉంటే ఉల్‌బ్రిక్ట్ సంగతే చూడండి, తనని బ్లాక్‌మెయిల్ చేసినవాళ్ళని చంపించడానికి డబ్బు కట్టాడని ప్రాసిక్యూషన్ కోర్టులో చెప్పింది, అయితే ఎవరూ చావలేదు, శిక్ష కూడా ఆ నేరం మీద పడలేదు. దెబ్బలు ఉండవనుకున్న చోటుకి కూడా సుపారీ మాట వచ్చేసింది చూశారా.

---

తెల్లకోటు_2023:

సైలెంట్‌గా చదివే దాన్ని, ఇది చూసి లాగిన్ అయ్యాను. మాది భీమవరం, ఎంబీబీఎస్ రష్యాలో చేశాను. మీరంతా పార్సిల్ పార్సిల్ అంటున్నారు కానీ అక్కడ పార్సిల్ లేదు.

అక్కడ హైడ్రా అని ఒక సైటు ఉండేది, రష్యన్‌లో, ప్రపంచంలోనే పెద్దది అనేవారు. 2022 ఏప్రిల్‌లో జర్మనీ పోలీసులు సర్వర్లు పట్టేసి మూసేశారు, దాదాపు 23 మిలియన్ యూరోల బిట్‌కాయిన్ స్వాధీనం చేసుకున్నారు. దాంట్లో ఆర్డర్ పెడితే పోస్టులో రాదు. ఒక కుర్రాడు ముందే చిన్న ప్యాకెట్‌ని టేపు చుట్టి ఎక్కడో దాచిపెట్టేసి ఉంటాడు, పార్కులో చెట్టు మొదట్లో, మెట్ల కింద, మంచులో. డబ్బు కడితే ఆ చోటు ఫోటో, మ్యాప్ పాయింట్ వస్తాయి. దాన్ని "క్లాద్" అంటారు, నిధి అని అర్థం.

మా హాస్టల్ వెనక చిన్న బిర్చ్ చెట్ల తోపు ఉండేది. ఫస్టియర్‌లో రాత్రి కిటికీలోంచి చూస్తే ఫోన్ టార్చి వేసుకుని ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని మంచు తవ్వుతుండేవాడు, ఫోన్ చూడ్డం, రెండడుగులు జరగడం, మళ్ళీ తవ్వడం. తాళాలు పోయాయేమో పాపం అనుకుని మా రూమ్మేటూ నేనూ సాయం చేద్దామా అని కూడా అనుకున్నాం 😅 మా ఫ్లోర్ ఆంటీ మమ్మల్ని జబ్బ పట్టుకుని కిటికీ తెర లాగేసింది. ఆ తోపు వైపు సాయంత్రం తర్వాత ఆడపిల్లలం ఎవరం వెళ్ళేవాళ్ళం కాదు. అంటే చూడండి, అమ్మకం మొత్తం ఆన్‌లైన్, అయినా మా వెనక తోపు మాకు లేకుండా పోయింది.

ఇంక ఆ దాచిపెట్టే కుర్రాళ్ళ సంగతి. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళవాళ్ళు, ఓనర్ ఎవడో వాళ్ళకి తెలీదు, ఉద్యోగం కూడా నెట్‌లోనే. చేరేటప్పుడు కొంత డిపాజిట్ లేదా పాస్‌పోర్ట్ ఫోటో ఇవ్వాలి. సరుకు మాయమైతే వాడే తిన్నాడని మనుషుల్ని పంపి కొట్టిస్తారు, కొట్టేవాళ్ళకి అక్కడ ఏకంగా "స్పోర్టికి" అని పేరే ఉంది, కొట్టి వీడియో తీసి మిగతా కుర్రాళ్ళకి చూపిస్తారు. పోలీసులకి దొరికేది కూడా వీళ్ళే. వాళ్ళ చట్టంలో 228 సెక్షన్‌ని జనం సెక్షన్ అంటారు, అంతమంది దాంట్లో లోపల ఉన్నారని. కాబట్టి పై అన్నయ్య చెప్పిన మూడో రకం పోలేదు, ఏరియా కోసం కొట్టుకునే పెద్ద గ్యాంగుల దగ్గర్నుంచి జీతానికి దాచిపెట్టే పిల్లాడి వీపు మీదకి మారింది, అంతే.

---

హెచ్‌సి_రిటైర్డ్_రాజమండ్రి:

అమ్మా డాక్టరమ్మా, నువ్వు చెప్పిన కుర్రాళ్ళు మన దగ్గర రైల్లో బ్యాగు మోసేవాళ్ళే. మేం పట్టుకున్నవాళ్ళల్లో చాలామందికి సరుకు ఎవరిదో నిజంగానే తెలీదు, ఫలానా స్టేషన్‌లో దిగు, ఎర్ర చొక్కా వాడు వస్తాడు అనే వరకే. మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టంలో గంజాయి కిలో లోపు అయితే చిన్న పరిమాణం, ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే పదేళ్ళకి తక్కువ ఉండదు, లక్షకి తక్కువ కాకుండా జరిమానా. బ్యాగు మోసినందుకు వాడికి ఇచ్చేది కూలి, పడేది పదేళ్ళు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు ఒకేసారి తగలబెట్టారు, గుర్తుందా, పేపర్లో ఆ పొగ ఫోటో వచ్చింది. దాని వెనక ఎంతమంది బ్యాగు కుర్రాళ్ళో లెక్కేసుకోండి.

ఆన్‌లైన్ అంటే మనకి అసలు రాలేదని కాదు. 2021 నవంబర్‌లో మధ్యప్రదేశ్ భింద్ పోలీసులు పట్టుకున్న కేసులో, విశాఖ వైపు నుంచి గంజాయిని తియ్యదనం ఆకు, స్టీవియా అని పేరు పెట్టి ఒక పెద్ద షాపింగ్ సైటు ద్వారా పంపేశారు. దానికి టోరూ లేదు బిట్‌కాయినూ లేదు, అట్టపెట్టె, బార్‌కోడ్ స్టిక్కర్. ఇచ్చేవాడికి తెలీదు ఏమి ఇస్తున్నాడో.

---

మందులషాపు_బాబాయి:

అందరూ గంజాయి దగ్గరే ఆగిపోయారు, మాత్రల సంగతి ఎవరూ ఎత్తలేదు. మాది తణుకు వైపు మెడికల్ షాపు, ఇరవై రెండేళ్ళు. ఒకప్పుడు నొప్పి మాత్రలు ట్రామడాల్ స్ట్రిప్పులు స్ట్రిప్పులు అడిగేవాళ్ళు, 2018 ఏప్రిల్‌లో దాన్ని ఎన్డీపీఎస్‌లోకి తెచ్చాక లెక్క బిగిసింది. హెచ్1 రిజిస్టర్‌లో డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చామో రాయాలి, మూడేళ్ళు దాచాలి. మంచిదే. అయితే షాపులో మేం లేదనగానే వాడు మానెయ్యడు కదా, ఫోన్ తీస్తాడు. టెలిగ్రామ్‌లో గ్రూపులు ఉన్నాయి బాబాయ్ అని మా డెలివరీ కుర్రాడే చెప్పాడు, నిజమో కాదో గానీ వాడికి ఆ గ్రూపుల సంగతి నాకంటే బాగా తెలుసు, అది చూసి భయమేసింది.

నేను చూసిన తేడా చెప్తాను. ఇదివరకు అడిగేవాడు షాపు ముందుకొచ్చి అడిగేవాడు, చెయ్యి వణకడం, కళ్ళు ఎర్రగా ఉండడం నాకు కనపడేది, వాళ్ళ నాన్న తెలిసినవాడైతే సాయంత్రం చెవిన వేసేవాణ్ణి. ఇప్పుడు ఎవడు కొంటున్నాడో ఊళ్ళో ఎవడికీ తెలీదు, ఇంట్లో వస్తువు మాయమయ్యేదాకా. వీధి ప్రశాంతంగా ఉంటుంది, ఇల్లు ఖాళీ అవుతుంటుంది. పోలీస్ లెక్కలో అది రాదు, సొంత కొడుకు మీద ఎవరు కేసు పెడతారు? మీ పరిశోధనల్లో ఈ దొంగతనం ఎక్కడ లెక్కేస్తారో కొంచెం చెప్పండి.

---

అమలాపురం_టు_హైదరాబాద్:

వెయ్యరు బాబాయ్ గారూ. అడిగితే గాని తెలీదు, అడిగేవాడు లేడు.

సైట్లు మూసినా కూడా పెద్ద తేడా ఉండదు అని మాత్రం గట్టిగా చెప్పగలను. 2017 జులైలో ఆల్ఫాబే మూశారు, అందరూ హాన్సా అనే ఇంకో సైటుకి పరిగెత్తారు, అప్పటికే హాన్సాని డచ్ పోలీసులు పట్టేసి గుట్టుగా తామే నడుపుతున్నారు. ఈగల్ని జిగురు కాగితం మీదకి తోలినట్టు తోలారు. మంచి దెబ్బే. అయినా కొత్త సైట్లు వచ్చాయి.

---

కాలవగట్టు_కుర్రోడు:

ఇంత రాస్తారనుకోలేదండి, థాంక్స్ అందరికీ. నాకు అర్థమైంది ఏంటంటే మా బావ చెప్పింది సరుకు అమ్మే పైవాళ్ళ సంగతి, మా చెరువు కాడికి వచ్చింది కిందవాడు, రెంటికీ సంబంధం లేదు.

మాస్టారూ మిమ్మల్ని ఒకటి అడగాలి. ఎవరో సగం తెలుసు అన్నాను కదా, నిజానికి పూర్తిగానే తెలుసు. మా వెనక వీధి కుర్రాడు, డిప్లొమా మధ్యలో మానేశాడు, చిన్నప్పుడు నాతో పాటు కాలవలో ఈత నేర్చుకున్నాడు. వాడి మీద కంప్లైంట్ ఇస్తే వాడి జీవితం పోద్దేమో, ఇవ్వకపోతే మళ్ళీ వస్తాడు. నాన్న ఇవ్వమంటున్నారు, అమ్మ వద్దంటది.

---

హెచ్‌సి_రిటైర్డ్_రాజమండ్రి:

కేబుల్ పోయిన కంప్లైంట్ ఇవ్వు నాయనా, అది నీ హక్కు, పేరు రాయాలా వద్దా అనేది మీ నాన్నగారితో మాట్లాడుకో. కుర్రాడి సంగతి వేరే. ఎన్డీపీఎస్‌లో 64ఏ అని ఒకటుంది, తాగేవాడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట వైద్యానికి ఒప్పుకుంటే, సొంతానికి వాడిన కేసు, చిన్న పరిమాణం కేసుల్లో విచారణ నుంచి మినహాయింపు ఉంటుంది, వైద్యం మధ్యలో మానేస్తే అది పోతుంది. చాలామందికి ఈ సెక్షన్ ఉందని తెలీదు, మా డిపార్ట్‌మెంట్‌లో కూడా. ముందు 14446కి ఫోన్ చేయించు, అది డీఅడిక్షన్ వాళ్ళది. అమ్మేవాడి సంగతి చెప్పాలంటే 1972, అది ఈగిల్ వాళ్ళది, మన రాష్ట్రంలో మత్తు సరుకు మీద పెట్టిన పోలీసు విభాగం. రెండూ కలిపెయ్యకు, వాడిది ఒక నంబరు, వాడికి అమ్మినోడిది ఇంకో నంబరు.

ముందు తల్లితో మాట్లాడు. తండ్రితో మొదలుపెడితే కొట్టి బయటికి గెంటేస్తాడు, అప్పుడు నిజంగానే బ్లేడ్ బ్యాచ్‌లో కలుస్తాడు, ఇలాంటివి చాలా చూశాను.

---

కాలవగట్టు_కుర్రోడు:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. వాళ్ళమ్మగారితో మాట్లాడానండి. ముందు నన్ను తిట్టింది, నా కొడుకు మీద నిందలేస్తావా అని. నేను లేచి వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, బాబూ మా ఇంట్లో ఇత్తడి గుండిగ రెండు నెలల నుంచి కనపడట్లేదు, పుట్టింటి వాళ్ళు పెట్టింది, ఎవరికీ చెప్పలేదు అంది. మందులషాపు బాబాయి గారు అన్నట్టే అయ్యింది.

ఆ ఫోన్ నంబరు ఆవిడ ఫోన్‌లో నేనే ఎక్కించాను. సోమవారం వాళ్ళ అన్నయ్యని తోడు తీసుకుని కుర్రాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తానంది, వాడు వస్తాడో రాడో. కేబుల్ పోయినట్టు స్టేషన్‌లో కాగితం ఇచ్చాం, పేరు రాయలేదు. నాన్న ఇంకా మాట్లాడట్లేదు నాతో.

బావకి ఈ థ్రెడ్ మొత్తం పంపాను. బొటనవేలు గుర్తు ఒకటి పెట్టాడు.